పేర్లు లేని బోర్డుల్లో పోరగాళ్లు ఎట్ల ముదురుతున్నరు?

బత్తాయి_తోట
ఈ ఏడాది నల్లగొండ కాలేజీ పిల్లల నోట కొత్త మాటలు వినపడుతున్నయి. నార్మీ (అందరి లెక్క మామూలోడు), చాడ్ (ఆడపిల్లలు పడిపోయే అందగాడు), బ్లాక్‌పిల్, "ఇట్స్ ఓవర్". నోట్‌బుక్ ఆఖరి పేజీలో మొహం బొమ్మ గీసి, కంటి మూలకు ప్రొట్రాక్టర్ పెట్టి కొలిచిన గీత, పక్కన "మైనస్ 3, అయిపోయింది" అని రాత. అడిగితే "జోక్ సార్" అంటరు. వచ్చే ఆదివారం తల్లిదండ్రుల మీటింగ్ ఉంది. "ఫోన్ గుంజుకోండి" అని చెప్పి పంపుడు నాకు ఇష్టం లేదు. పేరు లేకుండ రాసుకునే ఈ ఆన్‌లైన్ బోర్డులు లోపల ఎట్ల పనిచేస్తయి, ఒంటరి పిల్లగాడు అక్కడనే ఎందుకు ఆగిపోతడు, తమాషా ఏ కాడ ద్వేషం అయితది, ఇవి కావాలె. తెలిసినోళ్లు చెప్పండి. ఉపన్యాసాలొద్దు.

పర్మిట్_రూం_ఫిలాసఫర్
ఉపన్యాసాలొద్దంటే ఈడ సగం మంది లాగౌట్ కొడతరు సార్.

సర్వర్_గది
ముందు యంత్రం సంగతి. జపాన్‌ల 1999ల హిరోయుకి నిషిమురా 2ఛానెల్ అనే బోర్డు పెట్టిండు. 2001ల అదే తీరుది ఫుతాబా వచ్చింది. ఫుతాబా కోడ్ తీసుకొని ఇంగ్లీషులకు మార్చి 2003 అక్టోబర్ 1న అమెరికాల క్రిస్టఫర్ పూల్ అనే 15 ఏండ్ల పిల్లగాడు 4ఛాన్ మొదలుపెట్టిండు. తర్వాత వచ్చినయి చాలామటుకు దీని నకళ్లే.

రిజిస్ట్రేషన్ లేదు. పేరు గడి ఖాళీ వదిలితే "అనానిమస్" అని పడుతది. 2011ల ఎంఐటీ వాళ్లు అందుల అన్నిటికంటే రద్దీ బోర్డును లెక్కగట్టి చూస్తే 90 శాతం పైన పోస్టులు పూర్తిగ పేరు లేనివే.

ఇగ అసలు కీలకం. బోర్డుకు మామూలుగ 10 పేజీలు, పేజీకి 15 థ్రెడ్లు (ఒక పోస్ట్, దాని కింద జవాబుల వరుస కలిపి ఒక థ్రెడ్). ఎవరన్న జవాబు రాస్తే ఆ థ్రెడ్ పైకి లేస్తది. కొత్త థ్రెడ్ పడితే ఆఖర్న ఉన్నది కింద పడి మాయం అయితది. అదే అధ్యయనంల థ్రెడ్ మధ్యస్థ ఆయుష్షు 4 నిమిషాల లోపు. మొదటి పేజీ మీద ఉండేది 5 సెకన్లు. అంటే నువ్వు రాసింది బతకాలంటే ఆ 5 సెకన్లల ఎవడో ఒకడు ఉలిక్కిపడాలె.

లైకులు లేవు. మెచ్చుకున్నా తిట్టినా జవాబు జవాబే. "ఛీ, ఇట్ల రాస్తరా" అని తిట్టటానికి వచ్చినోడు కూడ ఆ థ్రెడ్‌ను పైకి లేపి పోతడు. ఈమెయిల్ గడిల "సాగే" అని కొడితే లేపకుండ జవాబియ్యొచ్చు. కోపంల ఉన్నోడికి అది యాదికుంటదా? జవాబులు కొన్ని వందలు దాటినంక ఇగ లేవదు, ఆ హద్దు బోర్డును బట్టి మారుతది. అప్పుడు అదే గొడవతోని కొత్త థ్రెడ్ తెరుస్తరు. రోజుల తరబడి అదే సాగుతది.

ఇందుల ఎవరి కుట్రా అక్కర్లేదు. మెల్లగ, ఆలోచించి రాసినోని పోస్ట్ ఈ లెక్కల దానంతటదే సచ్చిపోతది, అంతే.

మూసీ_గట్టు
అయితే పేర్లు పెట్టిస్తే సరిపాయె కదా. ఆధార్ లింక్ చేసిపారెయ్యాలె.

డిండి_కాలువ
పెట్టిన్రు తమ్మీ. దక్షిణ కొరియాల 2007ల పెద్ద సైట్లన్నిట్ల అసలు పేరు రుజువు తప్పనిసరి చేసిన్రు. 2011ల ఒక్క హ్యాకింగ్‌ల 3.5 కోట్ల మంది వివరాలు బయటపడ్డయి. 2012 ఆగస్టుల ఆ చట్టాన్ని అక్కడి రాజ్యాంగ న్యాయస్థానమే కొట్టేసింది. బూతులు తగ్గింది శానా తక్కువ.

అంత దూరం ఎందుకు, 2018 సెప్టెంబర్‌ల మిర్యాలగూడ పరువు హత్య తర్వాత ఫేస్‌బుక్‌ల హత్య చేయించినోళ్లకు మద్దతుగ గ్రూపులు లేచినయి. పేరు, ఫోటో, ఊరు, కులం తోక అన్నీ పెట్టుకొనే రాసిన్రు. సిగ్గు లేనికాడ పేరు ఏం అడ్డుకుంటది?

మూసీ_గట్టు
ఆ మాట నిజమే. కానీ ఫేస్‌బుక్‌ల రాసినోడు కనీసం దొరుకుతడు అక్కా. అదీ ఇదీ ఒకటి కాదు.

పిల్లలమర్రి_నీడ
ఇద్దరూ చెప్పినదాంట్లో సగం సగం నిజం ఉంది. సైకాలజీలో దీనికి రెండు దారుల వివరణ ఉంది.

ఒకటి అందరికీ తెలిసింది. 2004లో జాన్ సూలర్ చెప్పిన ఆన్‌లైన్ అదుపు సడలింపు. మొహం కనపడదు, ఎదుటివాడి కళ్లల్లో నొప్పి కనపడదు, అందుకని మనిషి వదులైపోతాడు. వదులైనవాడు తిట్టనూవచ్చు, ఎవరికీ చెప్పని బాధ చెప్పుకోనూవచ్చు. రెండూ అదే తలుపు నుంచి వస్తాయి.

రెండోది పోస్టిమిస్, స్పియర్స్, లీ వంటివాళ్లు 1990ల్లో పెంచిన వాదన. పేరు పోతే మనిషి విచ్చలవిడి అయిపోడు, గుంపు మనిషి అవుతాడు. "నేను ఫలానా" అని చెప్పడానికి ఏమీ లేనప్పుడు "మేము" ఒక్కటే మిగులుతుంది. గుంపు నియమం ఏదైతే దానికి మామూలుకంటే ఎక్కువ కట్టుబడతాడు. నిద్ర పట్టని తల్లుల బోర్డులో పేరు లేనివాళ్లు ఒకరినొకరు ఓదార్చుకుంటారు, ద్వేషం నియమమైన బోర్డులో పేరు లేనివాళ్లు ద్వేషిస్తారు. సాఫ్ట్‌వేర్ ఒకటే.

ఇప్పుడు సర్వర్_గది చెప్పింది దీనికి కలపండి. నిన్న నువ్వు ఎంత మంచి పోస్ట్ రాసినా ఇవాళ నువ్వు ఎవరో తెలియదు. పరపతి జమకాదు. కాబట్టి "నేను మీవాణ్ణే" అని ప్రతిరోజూ మొదటినుంచి రుజువు చేసుకోవాలి. చేతిలో ఉన్న రుజువు భాష ఒక్కటే. నిన్నటి మాట ఇవాళ పాతదైతే ఇంకో మెట్టు ఎక్కిన మాట కావాలి. ముదరడం అక్కడ జరుగుతుంది.

పర్మిట్_రూం_ఫిలాసఫర్
అంటే వైన్స్ పక్కన పర్మిట్ రూం లెక్క. పక్క టేబులోడు ఎవడో తెల్వది, రేపు కలవడు, అందుకే గొంతు పెంచినోడే ఆ రాత్రికి లీడర్.

సర్వర్_గది
పర్మిట్ రూం రాత్రికి మూస్తరు గద అన్నా. ఇది మూయరు.

జడ్చర్ల_జంక్షన్
ఒక్క బోర్డుల మీదనే తోస్తే తప్పైతది. 2019 మార్చి 15 క్రైస్ట్‌చర్చ్ మసీదుల మీద దాడి, 51 మంది పోయిన్రు. దాడికి కొద్ది నిమిషాల ముందు 8ఛాన్ అనే 4ఛాన్ తీరు బోర్డుల చెప్పి, ఫేస్‌బుక్‌ల లైవ్ పెట్టిండు. అందరూ 8ఛాన్, 8ఛాన్ అన్నరు. 2020 డిసెంబర్‌ల వచ్చిన న్యూజిలాండ్ రాయల్ కమిషన్ రిపోర్ట్ చూడండి. వాడు ఆ బోర్డులు చూసేటోడే కానీ, వాని తలకెక్కిన సరుకుకు యూట్యూబ్ అంతకంటే పెద్ద వనరు అని తేలింది. యూట్యూబ్ పేరు లేని బోర్డా?

లైవ్ చూసినోళ్లు 200 లోపే. తర్వాత మొదటి 24 గంటలల ఫేస్‌బుక్ తీసేసిన కాపీలు 15 లక్షలు. అందుల 12 లక్షలు అప్‌లోడ్ అయితున్నప్పుడే ఆపిన్రు. చూపించింది పెద్ద కంపెనీల గొట్టాలే.

డిండి_కాలువ
గొట్టం వేరు, చప్పట్లు వేరు. ఆ వీడియోకు చప్పట్లు కొట్టి, చచ్చినోళ్ల లెక్కను ఆటల స్కోర్ తీరు చెప్పుకున్నది ఏడ? అదే ఏడు అమెరికాల ఏప్రిల్‌ల పోవే దాడి, ఆగస్టు 3న ఎల్ పాసో దాడి. చేసిన ముగ్గురూ ముందుగాల అదే బోర్డుల పెట్టి పోయిన్రు. తర్వాతి వానికి ముందటోడు హీరో. యూట్యూబ్ వాదన నేర్పింది కావొచ్చు, వాడు సచ్చినా బతికినా పేరు మోగుతదని నమ్మకం ఇచ్చింది బోర్డు.

పిల్లలమర్రి_నీడ
2022 మే 14న అమెరికాలోని బఫెలోలో జరిగిన దాడి కూడా చూడాలి. 10 మందిని చంపినవాడికి 18 ఏళ్లు. కరోనా రోజుల్లో పొద్దుపోక బోర్డులు తిరగడం మొదలుపెట్టానని రాసుకున్నాడు. అదే ఏడాది అక్టోబర్‌లో న్యూయార్క్ అటార్నీ జనరల్ నివేదిక 4ఛాన్ పాత్రను పేరు పెట్టి చెప్పింది. పొద్దుపోక వెళ్లడానికీ తుపాకీ పట్టడానికీ మధ్య రెండేళ్లు. ఆ రెండేళ్లలో ఇంట్లోవాళ్లకు కనపడింది గదిలో కూర్చున్న పిల్లవాడే.

బత్తాయి_తోట గారు కంగారు పడకండి. ఇది చూసేవాళ్లలో వేలకు వేలు ఎప్పుడూ ఎవరినీ కొట్టరు. ఎక్కువమందికి జరిగేది అంతకంటే చిన్నది, మెల్లనిది: చదువు, స్నేహం, నిద్ర, ఆడపిల్లలతో మామూలుగా మాట్లాడే అలవాటు ఒకదాని వెనక ఒకటి పోవడం.

లేబర్_అడ్డా_పాలమూరు
అసలు ఎవడు పోతుండు ఆడికి, అది మాట్లాడరేంది? రోజుకు ఒకటిన్నర జీబీ డేటా, చేతిల డిగ్రీ, పని లేదు. 2022ల 503 పోస్టులకు గ్రూప్-1 నోటిఫికేషన్ వచ్చింది. ప్రిలిమ్స్ పేపర్ లీకై ఒకసారి రద్దు, హైకోర్టు తీర్పుతోని ఇంకోసారి రద్దు, 2024 ఫిబ్రవరిల నోటిఫికేషనే వాపస్. ఆ రెండేండ్లు అశోక్‌నగర్ రూముల్ల కూసున్నోళ్లల మన పాలమూరోళ్లు ఎంతమంది? ఊరికి పోతే "ఏమైంది బిడ్డ జాబు" అని అడుగుతరు, అందుకే పోడు. రూంల నలుగురు, మాట్లాడుకునేది లేదు, ఎవని ఫోన్ వానిది. ఆడ "ఇదంతా ముందే ఫిక్స్, నీ తప్పేం లేదు, తప్పు ఫలానోళ్లది" అని ఒకడు రాస్తే చల్లగ ఉంటది.

చౌటుప్పల్_టోల్‌గేట్
"ఫలానోళ్లది" దగ్గర ప్రతి బోర్డుకు ఒక ఖాళీ గడి ఉంటది. అమెరికాల వలసదారులు, ఇంకోకాడ ఆడోళ్లు, మనకాడ రిజర్వేషన్. నింపుకొనుడే.

దేవరకొండ_దివిటీ
ఖాళీ గడి మాట బరాబర్. మనదేశంల అది ఎట్ల నింపుకున్నరో రెండు కేసులున్నయి. 2021 జులైల "సుల్లి డీల్స్", 2022 జనవరి 1న "బుల్లీ బాయి". ముస్లిం ఆడోళ్ల ఫోటోలు ఎత్తుకొచ్చి, గిట్‌హబ్ అనే కోడ్ పెట్టుకునే సైట్ మీద యాప్ పెట్టి, వేలం అని రాసిన్రు. బుల్లీ బాయిల మొదట దొరికినోళ్లు 18 నుంచి 21 ఏండ్ల మధ్యోళ్లు, కొందరు ఇంజినీరింగ్ పిల్లలు, ఒకామె అమ్మాయి. వేర్వేరు రాష్ట్రాలు. ఒకరిమొహం ఒకరు చూసుకోకుండనే పని పంచుకున్నరు. వాళ్లు తిరిగే "ట్రాడ్" (కరుడుగట్టిన సంప్రదాయవాదుల) గుంపుల బొమ్మలు చూడు: ఆ బోర్డుల్ల తిరిగే అదే కప్ప బొమ్మ, అదే చాడ్ దవడ, నొసటన బొట్టు, తిలకం కొత్తవి. సాంచా బయటిది, సరుకు మనది.

తెలుగుల కులం మీద నడిచే మీమ్ పేజీలు, హీరో ఫ్యాన్స్ టెలిగ్రామ్ గ్రూపులు అంతే. ముందు ఓపెన్ పేజీల జోక్ వేస్తరు, కామెంట్ల ఎవడు గట్టిగ నవ్విండో చూసి వానికి ఇన్‌బాక్స్‌ల లింక్ పంపుతరు. ఆ లోపలి గ్రూపుల జోక్ ఉండదు, అడ్రసులుంటయి.

నాగార్జున_గేట్లు
అన్న చెప్పిన రెండు మెట్ల పద్ధతి ముఖ్యం. 2017ల ఒక నియో నాజీ సైట్ తన రాతగాళ్లకు ఇచ్చిన లోపలి మార్గదర్శి బయటపడ్డది. కొత్తగ చదివేటోనికి ఇది జోకా నిజమా తేల్చుకోలేనట్టు రాయాలె అని అందులనే ఉన్నది. జోకంటే నవ్వి వదిలేస్తవు. అడ్డం తిరిగినవనుకో, "జోక్ కూడ అర్థం కాదా" అని నీ మీదనే నవ్వుతరు. రెండు దిక్కుల వానికే లాభం.

మోడ్_కృష్ణాతీరం
ఇప్పుడు నడుస్తున్న బోర్డుల, గ్రూపుల లింకులు, స్క్రీన్‌షాట్లు ఎవరూ పెట్టొద్దు. ఒకటి ఇప్పుడే తీసేసిన. చూసి తెలుసుకుంటమన్నోళ్లకు కూడ ఇయ్యం.

బత్తాయి_తోట
చాలా పనికొచ్చే ముచ్చట్లు. రెండు అడుగుత. కంటి మూల కొలుచుడు ఏంది? పిల్లగాడు ఉత్తగ మాట వాడుతుండా, లోపలికి పోయిండా, ఎట్ల తెలుస్తది?

డిండి_కాలువ
మొదటిదానికి నేను చెప్త. అది "ఇన్‌సెల్" అని చెప్పుకునే, తోడు దొరకని మగోళ్ల గుంపుల నుంచి వచ్చింది. 1997ల కెనడాల ఒక విద్యార్థిని, తోడు దొరకని ఆడ మగ అందరూ బాధ చెప్పుకోటానికి ఒక చిన్న వెబ్‌సైట్, మెయిలింగ్ లిస్ట్ పెట్టింది. మర్యాద గల్ల చోటు. కొన్నేండ్లకు ఆమె తప్పుకున్నది. తర్వాత వచ్చిన బోర్డుల్ల కాపలా సడలింది. తోడు దొరికినోళ్లు సహజంగనే వెళ్లిపోతరు, దొరకనోళ్లు, కోపం ఉన్నోళ్లు మిగులుతరు, కొత్తగ వచ్చినోడు వాళ్లనే చూసి నేర్చుకుంటడు. "నాకూ ఇట్లనే ఉండె, తర్వాత బాగైంది" అని చెప్పేటోడు ఆడ మిగలకుండ పోవుడే అసలు నష్టం. రెడ్డిట్ అనే చర్చల సైట్ 2017 నవంబర్‌ల ఇన్‌సెల్ గ్రూపును మూసేసింది. 2018 ఏప్రిల్ 23న టొరంటోల వ్యాన్ ఎక్కించి మనుషులను చంపినోడు అదే ఇన్‌సెల్ మాటలు పోస్ట్ చేసి బయల్దేరిండు.

బ్లాక్‌పిల్ అంటే వాళ్ల సిద్ధాంతం: మొహం ఎముకలే తలరాత, ఏం చేసినా మారదు. కంటి లోపలి మూల కంటే బయటి మూల పైకి ఉంటే ప్లస్, కిందికి ఉంటే మైనస్. దవడ కోణం, ఎత్తు, మణికట్టు చుట్టుకొలత, అన్నిటికీ అంకెలు. మనోళ్లు దానికి రంగు, కులం, ప్యాకేజీ కలిపిన్రు. పెండ్లి సంబంధాల కాలమ్ చూసి పెరిగినోనికి అది నమ్మబుద్ధి అయితది. అంకెలుంటే సైన్స్ లెక్క కనపడుతది మరి. సెల్ఫీ కెమెరా దగ్గర్నుంచి తీస్తే ముక్కు పెద్దగ, చెవులు లోపలికి పడతయి. ఆ వంకర ఫోటో మీదనే కొలుస్తరు. తల కొంచెం వంచితే మైనస్ ప్లస్ కావొచ్చు. అది పిల్లగానితోనే రెండు ఫోటోలు తీయించి చూపియ్యండి సార్, ఒకటి అర మీటర్ నుంచి, ఒకటి రెండు మీటర్ల నుంచి జూమ్ చేసి.

దవడ గట్టిపడాలని గట్టి వస్తువుతోని మొహం ఎముకలు కొట్టుకునే పిచ్చి కూడ ఉన్నది. చెంప మీద కమిలిన గుర్తులు, వాపు ఉంటే "కిందపడ్డ" అంటే నమ్మొద్దు. పండ్లు, నరాలు, కండ్లు పోతయి.

చౌటుప్పల్_టోల్‌గేట్
మా ప్రొట్రాక్టర్‌కు ఇంటర్‌ల ఇంత మర్యాద లేకుండె.

పిల్లలమర్రి_నీడ
రెండో ప్రశ్న. మాటలు చూసి తేల్చకండి. నార్మీ, చాడ్ ఇప్పుడు ఇన్‌స్టా రీల్స్ దాకా వచ్చేశాయి, ఏడో తరగతి పిల్లలూ అంటారు. చూడాల్సినవి వేరే.

ఇష్టమైనవి వదిలేయడం. క్రికెట్ ఆడేవాడు మానేశాడు, కారణం చెప్పడు. రాత్రి పగలు తిరగబడడం, ఎందుకంటే అమెరికా బోర్డులు రద్దీగా ఉండేది మనకు అర్ధరాత్రి దాటాకే. మనుషుల్ని మనుషులుగా కాక రకాలుగా మాట్లాడడం: "అమ్మాయిలందరూ", "వాళ్లందరూ", మినహాయింపు చెబితే చిరాకు. జోక్ మీద మీరు నవ్వకపోతే కోపం రావడం. ఉత్త జోక్ అయితే అంత కోపం రాదు. "నాకిక ఏమీ లేదు" అనే మాట నవ్వుతూ పదేపదే అనడం.

అడిగే తీరు: "ఇవన్నీ ఎందుకు చూస్తున్నావు" అంటే తలుపు మూసుకుంటుంది. "ఈ వారం అక్కడ నిన్ను బాగా నవ్వించింది ఒకటి చూపించు" అనండి. మొహం మాడ్చకుండా చూడండి. తర్వాత "దీన్ని రాసినవాడు నీ పక్క గదిలో ఉంటే వాడితో టీ తాగుతావా?" చదువుతాడా, రాస్తాడా అడగండి. రాస్తే ఎన్ని జవాబులు వచ్చాయో అడగండి. అంకె కచ్చితంగా చెప్పాడంటే వాడికి మెప్పు అక్కడి నుంచే వస్తోందని అర్థం. అది ఇంకెక్కడి నుంచి వచ్చే వీలుందో మీరు వెతకాలి: వాలీబాల్ టీమ్, ఎన్ఎస్ఎస్ క్యాంపులో ఒక బాధ్యత, ల్యాబ్‌లో జూనియర్లకు చూపించే పని. పని చిన్నదైనా వాడు రాకపోతే ఆగిపోయేదై ఉండాలి.

ఫోన్ గుంజుకుంటే "బయటోళ్లకు మనం అర్థం కాము" అని బోర్డు చెప్పింది మీరే రుజువు చేసినట్టు. పక్కవాడి ఫోన్‌లో చూస్తాడు. రాత్రి పదకొండు తర్వాత ఫోన్ హాల్లో ఛార్జింగ్, అమ్మానాన్నలవి కూడా, అంతవరకు పెట్టొచ్చు.

తేదీ, చోటు, ఆయుధం, మనిషి పేరు, వీటిలో ఏదైనా మాటల్లోకి వచ్చిందంటే అది కౌన్సెలింగ్ సంగతి కాదు, వెంటనే 112. ఇలాంటి దాడుల్లో చాలావాటికి ముందు చేసేవాడు ఎవరితోనో అన్నాడు, విన్నవాళ్లు జోక్ అనుకున్నారు. తనకు తాను చేసుకుంటానంటే ఒంటరిగా వదలకండి. టెలి మానస్ 14416, రోజంతా ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు.

మూసీ_గట్టు
ఇంత బాధ ఎందుకు, అసలు మూసేస్తే అయిపాయె అనే నా మాట మీద నేను ఇంకా ఉన్న. మూస్తే తగ్గుతదా లేదా, ఒక్క ముక్కల చెప్పండి.

సర్వర్_గది
ఒక్క ముక్కల రాదు. ఎల్ పాసో తర్వాత రెండు రోజులల, సైట్లను దాడుల నుంచి కాపాడే క్లౌడ్‌ఫ్లేర్ కంపెనీ 8ఛాన్‌కు రక్షణ తీసేసింది. పెట్టిన ఫ్రెడ్రిక్ బ్రెన్నన్ తానే మూసేయమన్నడు. అదే ఏడు నవంబర్‌ల 8కున్ పేరుతోని తిరిగొచ్చింది, కానీ శానా చిన్నగైంది. రెడ్డిట్ 2015ల రెండు ద్వేషపు గ్రూపులు మూస్తే, ఆడనే ఉండిపోయిన సభ్యుల ద్వేషపు మాటలు కనీసం 80 శాతం తగ్గినయని 2017 అధ్యయనం. ఇంకో దిక్కు, గుంపు మొత్తం సొంత వెబ్‌సైట్ పెట్టుకొని పోయిన కేసులు 2021ల చూసిన్రు. కొత్తోళ్లు రాకడ తగ్గింది. పోయినోళ్లల ముదురుతనం మాత్రం కొన్నిట్ల పెరిగింది.

అంటే తోవ తప్పి వచ్చే పిల్లగాన్ని కాపాడుతది. లోపల ఉన్నోన్ని బాగుచెయ్యదు.

మూసీ_గట్టు
పిల్లగాన్ని కాపాడితే నాకు అదే శానా.

లేబర్_అడ్డా_పాలమూరు
పేరు లేని చోటు మొత్తం పాడు అనొద్దు. మేస్త్రీ పైసలు ఎగ్గొట్టిండని, హాస్టల్‌ల పురుగులన్నం పెడుతున్నరని, ఇంట్ల కొడుతున్నరని పేరుతోని ఎవడు రాస్తడు? మన టౌన్ల కాలేజీ కన్ఫెషన్ పేజీల్ల సగం అదే ఉంటది. నడిపేటోళ్లకు ఎట్ల నడపాలో తెల్వక ఖరాబు అయితున్నది. సర్వర్ అన్నా, పద్ధతి చెప్పు.

సర్వర్_గది
గూగుల్ ఫారం, ఇన్‌స్టా పేజీ, టెలిగ్రామ్ గ్రూప్ అనుకొని చెప్త.

ఫారంల ఈమెయిల్ తీసుకోవద్దు. ఫోటో అప్‌లోడ్ ప్రశ్న పెట్టొద్దు, అది పెడితే గూగుల్ సైన్-ఇన్ అడుగుతది, పైగా ఫోటోలే అసలు ప్రమాదం. మూడు గడులు చాలు: రాత, విషయం రకం, ఒక రహస్య వాక్యం.

రహస్య వాక్యం ఎందుకంటే, మనిషి ఎవరో తెల్వకుండనే "మళ్ల అదే మనిషి" అని గుర్తుపట్టటానికి. 4ఛాన్‌ల దీన్ని ట్రిప్‌కోడ్ అంటరు. జవాబులు పడే గూగుల్ షీట్‌ల యాప్స్ స్క్రిప్ట్ తెరిచి ఎస్‌హెచ్ఏ-256 లెక్క (వాక్యాన్ని వెనక్కి తిప్పలేని అక్షరాల గుర్తుగ మార్చేది, దీన్నే హ్యాష్ అంటరు) వేయించు, మొదటి ఆరు అక్షరాలు పేరు తీరు వాడుకో. ఉత్త వాక్యాన్నే లెక్క వేస్తే దొరుకుతది, ఎందుకంటే సగం మంది "నల్లగొండ123" అనే పెడతరు. నీ దగ్గర ఒక పొడుగు రహస్య తోక ఉంచుకొని, దాన్ని వాక్యానికి అతికి లెక్క వెయ్యి. పాత ట్రిప్‌కోడ్లు విరిగింది ఈ తోక లేకనే. లెక్క అయినంక వాక్యం ఉన్న కాలమ్ చెరిపెయ్. దీంతోని పరపతి జమైతది, బ్యాన్ కూడ సాధ్యం. రోజూ మొదటినుంచి రుజువు చేసుకునే బాధ పోతది.

ఏదీ నేరుగ పోస్ట్ కావొద్దు. ఇద్దరు చూడాలె, కనీసం 12 గంటలు ఆగాలె. ఆ 12 గంటలల రాసినోడే "తీసెయ్యండి" అని మళ్ల పంపిస్తడు, అది శానా మామూలు. పేరు, మొదటక్షరం, సెక్షన్, బస్ రూటు, ఊరు కొట్టెయ్యాలె. "దేవరకొండ బస్సుల ముందు సీటు, పచ్చ చున్నీ" అని రాస్తే పేరు రాసినట్టే.

టెలిగ్రామ్‌ల స్లో మోడ్ 5 నిమిషాలు పెట్టు, గొడవైతే గంట. మీద మీద పడి కొట్టుడు ఆగుతది. తిట్టు పోస్ట్‌కు జవాబియ్యకుండ ఉత్త తీసేయుడే. జవాబిస్తే దానికి ఇంకో గంట బతుకు ఇచ్చినట్టు.

నాగార్జున_గేట్లు
చట్టం ముక్క కలుపుత. ఏది వెయ్యాలో ఏరి, దిద్ది పోస్ట్ చేసేది అడ్మినే కాబట్టి వేరేవాళ్లు రాసినదానికి వేదిక నడిపేటోళ్ల మీద కేసు పడకుండ కాపాడే ఐటీ చట్టం సెక్షన్ 79 రక్షణ ఉంటదని ధీమాగ ఉండొద్దు. పేరు దాచి బెదిరిస్తే బీఎన్ఎస్ 351(4), బెదిరింపు శిక్ష మీద ఇంకో రెండేండ్ల వరకు పడొచ్చు. ఐటీ చట్టం 66ఏ అని ఎవరన్న భయపెడితే నవ్వండి, సుప్రీంకోర్టు 2015 మార్చి 24ననే కొట్టేసింది.

మీ మీద ఏదన్న పడితే ముందు సాక్ష్యం, తర్వాత కోపం. ఇట్లాంటి బోర్డుల్ల థ్రెడ్ నిమిషాలల పోతది. అడ్రస్ బార్, పోస్ట్ నంబర్, తేదీ, టైం కనపడేటట్టు మొత్తం పేజీ పట్టాలె. కత్తిరించిన స్క్రీన్‌షాట్ కోర్టుల నిలబడుడు కష్టం. భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 సర్టిఫికెట్‌ల ఫైల్ హ్యాష్ విలువ కూడ రాయాలె, కాబట్టి అసలు ఫైల్‌ను వాట్సాప్‌ల పంపి కుదించొద్దు, అట్లనే ఉంచండి. సైబర్ క్రైమ్ పోర్టల్‌ల ఆడోళ్ల, పిల్లల కేసులకు పేరియ్యకుండ ఫిర్యాదు చేసే దారి ఉన్నది. 1930 డబ్బు మోసాలకు, దీనికి కాదు.

మైనర్ల నగ్న చిత్రాలైతే మాత్రం సాక్ష్యమని దాచుకోవద్దు, ఎవరికీ పంపొద్దు. ఐటీ చట్టం 67బీ కింద అదే నేరం. లింక్ మాత్రం రాసి పోలీసులకు ఇయ్యాలె. పెద్దోళ్ల ఫోటోలైతే, ఒప్పుకోకుండ బయటపెట్టే నగ్న ఫోటోలను ఆపే స్టాప్ ఎన్‌సీఐఐ అనే సైట్ ఉన్నది. ఫోటో పైకి పోదు, మన ఫోన్లనే హ్యాష్ తీసి అదొక్కటే పంపుతది. దాంట్ల చేరిన సైట్లు ఆ ఫోటోను ఆపుతయి. పేరు లేని బోర్డులు దాంట్ల చేరవు అనేది కూడ యాదికుంచుకోండి.

బత్తాయి_తోట
మీటింగ్‌కు రెండు పేజీలు రాసుకుంటున్న. అడిగే ప్రశ్నలు, 112, 14416, ఫోటో దూరం ముచ్చట పెడుత. బ్లాక్‌పిల్ అంకెల వివరం తల్లిదండ్రులకు చెప్తే ఇంటికి పోయి పిల్లగాని మొహం కొలుస్తరేమో అని వదిలేస్తున్న.

దేవరకొండ_దివిటీ
వదలకండి సార్. "నీ కలరుకు ఎవరిస్తరురా పిల్లను" అనేది ఫస్ట్ ఇంట్లనే వింటడు వాడు. అది చెప్పాల్సింది వాళ్లకే.

పర్మిట్_రూం_ఫిలాసఫర్
సర్వర్ అన్నా, మా కాలనీ గ్రూపుల స్లో మోడ్ గంట పెట్టిన, అయినా ఒకడు నిమిషానికొకటి కొడుతుండు.

సర్వర్_గది
వాడు అడ్మిన్ అయి ఉంటడు. అడ్మిన్లకు స్లో మోడ్ పట్టదు.

పర్మిట్_రూం_ఫిలాసఫర్
అడ్మిన్ నేనే.